ఎడారి గుడారాలకు వచ్చే పిట్టలూ పురుగులూ: పేరుతో పాటు దీపాన్నీ రాసుకోండి

ఎడారి పండుగలకు వెళ్ళొచ్చినవాళ్ళ ఫోటోలు మన తిరుపతి పక్షిప్రియుల మధ్య ఈమధ్య బాగా తిరుగుతున్నాయి. జైసల్మేర్ దగ్గర సమ్ ఇసుకదిబ్బల్లోనో, కచ్ఛ్‌లో ధోర్డో గుడారాల ఊర్లోనో దిగి వచ్చినవాళ్ళు కొందరు. అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ నెవాడాలో బర్నింగ్ మ్యాన్ అనే ఎడారి పండుగకు వెళ్ళి, చిత్తూరులో ఉన్న అమ్మానాన్నలకు ఫోటోలు పంపే పిల్లలు ఇంకొందరు. గుడారం తాడు మీద వాలిన చిన్న పిట్ట, కారు బానెట్‌కు తోక ఆనిస్తున్న తూనీగ, భోజనాల బల్ల మీద నల్లగా పరుచుకున్న పురుగులు. చూసినవాళ్ళ మాట మాత్రం ఒకటే: చెట్టూ చేమా లేని చోటికి ఇవెలా వచ్చాయి, ఎంత అదృష్టం!

నేను చెప్పదలచుకున్నది ఇదీ. వాటిలో చాలావాటిని అక్కడికి దించింది ఆ గుడారాలే. దీపం, నీళ్ళు, మెరిసే రేకు, నీడ, ఎంగిలి: ఈ అయిదింటిలో ఏదో ఒకటి. అందుకని గుడారాల దగ్గర కనిపించిన ప్రాణి పేరు ఒక్కటే రాసుకుంటే ఆ నమోదు ఎడారి గురించి ఏమీ చెప్పదు. ఏ దీపం కింద, ఏ వేళప్పుడు, ఏ స్థితిలో ఉందో కూడా రాస్తేనే దానికి విలువ. ఆ రాతను చూసి మరుసటి రోజు దీపాల్లో ఏదో ఒక మార్పు చేస్తే ఇంకా విలువ.

పురుగుల దండు ఎక్కడిది?

బర్నింగ్ మ్యాన్ జరిగే బ్లాక్ రాక్ ఎడారి ఒకప్పటి మంచుయుగపు సరస్సు లాహొంటాన్ అడుగు. ఎండిపోయాక మిగిలింది క్షారం నిండిన పిండిలాంటి మట్టి. పండుగ వేసే మైదానంలో గడ్డిపరక ఉండదు. అలాంటి చోట 2015 ఆగస్టులో, పండుగ ఇంకా మొదలుకాకముందే, కట్టుబడి పనులు చేస్తున్నవాళ్ళ మీద చిన్న చిన్న పురుగులు లెక్కలేనన్ని వచ్చిపడ్డాయి. ఫోటోలు చూసిన కీటక శాస్త్రవేత్తలు అవి నైసియస్ అనే గింజల రసం పీల్చే పురుగులనీ, మిరిడ్ కుటుంబానికి చెందిన ఆకురసం పీల్చే పురుగులనీ గుర్తించారు. మన జొన్న రైతులకు బాగా తెలిసిన కంకినల్లి కూడా మిరిడ్ కుటుంబానిదే.

దాని వెనక కథ చాలా మామూలుది. ముందు వానలు బాగా పడ్డాయి. చుట్టుపక్కల నేలల్లో ఆవాల జాతి కలుపు మొక్కలు ఒత్తుగా మొలిచాయి. పురుగులు పెరిగాయి. ఎండలు ముదిరి మొక్కలు ఎండగానే తడి వెతుక్కుంటూ లేచిపోయాయి. చీకటి మైదానంలో వెలుగున్నది ఒక్కచోటే. వాటి సూది మూతి మొక్కల రసం పీల్చడానికే, మనిషి రక్తం తాగడానికి కాదు. తడి కోసం చర్మం మీద పొడిచి చూస్తాయి, చురుక్కుమంటుంది, అంతే. ‘కుట్టే పురుగుల దాడి’ అన్న ప్రచారంలో ఈ తేడా కొట్టుకుపోయింది.

మనకు ఇది కొత్త కాదు. తొలకరి పడగానే వేరుశనగ చేలల్లో ఎర్ర గొంగళి రెక్కల పురుగుల కోసం రాత్రి మంటలు వేయడం, దీపపు ఎరలు పెట్టడం మన చిత్తూరు, అనంతపురం రైతులకు అలవాటైన పనే. వాన పడిన ఏ రోజుకు ఉసుళ్ళు లేస్తాయో, ఏ దీపం కింద గిన్నె పెట్టాలో పల్లెల్లో పిల్లలకు కూడా తెలుసు. ఊళ్ళో దీపపు ఎర అని పిలిచేదే ఎడారి పండుగలో అలంకరణ దీపం. పనితీరు ఒకటే.

ఆ పనితీరు గురించి 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన నా ఆలోచనను గట్టిపరిచింది. ఎగిరే పురుగు తన వీపును ఎప్పుడూ వెలుగు వైపు తిప్పుకుంటుంది. రాత్రిపూట నేల కంటే ఆకాశమే కాస్త వెలుతురుగా ఉంటుంది కాబట్టి, కోట్ల ఏళ్ళుగా ఆ పద్ధతిలో నిటారుగా ఎగరడం సాగింది. పక్కన బల్బు వచ్చేసరికి వీపు బల్బు వైపు తిరుగుతుంది, శరీరం ఒరుగుతుంది, దారి వంగుతుంది. చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. అంటే పురుగు దీపాన్ని వెతుక్కుంటూ రాలేదు, పక్కనుంచి పోతూ చిక్కుకుపోయింది. ఇందులో గుడారాలు వేసేవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటుంది. దీపం నేల మీద ఉండి పైకి కొడుతుంటే, దాని మీదుగా పోయే పురుగు తలకిందులై కూలిపోతుంది. తల మీద పందిరిలా పరుచుకున్న మెత్తటి వెలుగు కింద మాత్రం మామూలుగానే ఎగురుతుంది. ఎడారి పండుగల్లో కళాకృతుల కింద పెట్టేవి ఎక్కువగా ఆ పైకి కొట్టే దీపాలే. ఉన్నవాటిలో అన్నిటికంటే చెడ్డ పద్ధతి అదే.

వెలుగు ఎంత మందను దించగలదో చెప్పడానికి అదే నెవాడా రాష్ట్రంలోని లాస్ వెగాస్ చాలు. 2019 జూలైలో ఆ నగరం మీద మిడతలు కమ్ముకున్నాయి. ఒక్క రాత్రి, జూలై 27న, వాతావరణ రాడార్ ఆధారంగా వేసిన అంచనా 4 కోట్ల 60 లక్షల మిడతలు, దాదాపు 30 టన్నుల బరువు. అవి వెలుగు ఎక్కువున్న చోటే గుంపు కట్టాయని రాడార్ చిత్రాల్లో తేలింది. దానికి ముందు కూడా తడి చలికాలమే.

పిట్టలు దారి తప్పే తీరు

పిట్టల విషయంలో నాకు పురుగులంత ధీమా లేదు. ఎందుకంటే ఎడారి మీదుగా పోయే పిట్టలు గుడారాలున్నా లేకపోయినా పోతాయి. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదలు ఉత్తర అమెరికాలో చిన్న పిట్టలకూ నీటి ఒడ్డు పిట్టలకూ వలస రోజులు. చిన్న పిట్టల్లో ఎక్కువ భాగం రాత్రే ప్రయాణిస్తాయి. పొద్దుగూకాక లేచి, తెల్లవారేలోపు దిగుతాయి. తెల్లటి బల్లపరుపు నేల మీద తెల్లవారితే, మైళ్ళ దూరంలో నీడ అంటూ ఉన్నది గుడారాల కిందే. అక్కడ కనిపించిన పిట్టను దీపం దించిందా, అలసట దించిందా అన్నది ఒక్క ఫోటో చూసి చెప్పలేం. మన దగ్గర సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగకు వెళ్ళి రాజహంసలను చూసినప్పుడు ఈ సందేహమే రాదు. అవి పులికాట్ నీళ్ళ కోసం వచ్చాయి, పండుగే వాటి కోసం వచ్చింది. ఎడారి గుడారాల దగ్గర సంగతి తలకిందులు.

అయినా దీపం మాట కొట్టిపారేయలేం. న్యూయార్క్‌లో సెప్టెంబరు 11 స్మారకంగా ఆకాశంలోకి వదిలే జంట కాంతి స్తంభాల దగ్గర జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. ఏడేళ్ళలో ఏడు రాత్రుల మీద లెక్కవేస్తే 11 లక్షల పిట్టలు ఆ వెలుగుకు లోనయ్యాయని అంచనా. దీపాలు ఆర్పగానే కొద్ది నిమిషాల్లోనే అవి చెదిరి తమ దారిన పోయాయి. అందుకే అక్కడ వెయ్యికి మించి పిట్టలు కాంతిలో తిరుగుతుంటే 20 నిమిషాలు దీపాలు ఆర్పే పద్ధతి పెట్టుకున్నారు. స్మారకం ఆగిపోలేదు, పిట్టలూ చిక్కుకుపోలేదు. ఇంతకంటే చక్కటి ఏర్పాటు నాకు ఇంకోటి కనిపించదు. అస్సాంలో జతింగా కూడా ఈ కోవలోదే. సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య, చంద్రుడు లేని మంచు రాత్రుల్లో ఊరి దీపాలకు పిట్టలు వచ్చి దిగుతాయి. పిట్టల ఆత్మహత్యలని ఎన్నో ఏళ్ళు ప్రచారం జరిగింది. అవి దారి తెలియక దిగినవి.

మన పొన్నంకి పిట్ట సంగతి తీసుకోండి. ఉత్తర, మధ్య భారతంలో గూడు కట్టి, చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ వస్తుంది. ప్రయాణం రాత్రిపూటే. సెప్టెంబరు చివరి నుంచి అది దిగే రోజులూ, మన కొండ మీదా కింద ఊళ్ళోనూ దసరా దీపాలు వెలిగే రోజులూ దాదాపు ఒకటే. ఇంటి వసారాలో, స్కూలు వరండాలో ఈ పిట్ట పొద్దున్నే బిక్కచచ్చి కూర్చుని ఉంటే ‘రంగుల పిట్ట ఇంటికొచ్చింది’ అని సంబరపడతాం. అది ఇంటికి రాలేదు. శేషాచలం అడవిలో రాలిన ఆకుల కింద పురుగులు ఏరుకోవాల్సింది, సిమెంటు గచ్చు మీద ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నా వాదనకు కూడా ఒక పరీక్ష కావాలి. గుడారాల మధ్య పది నిమిషాలు చూస్తే, అదే ఉదయం గుడారాలకు రెండు కిలోమీటర్ల అవతల ఖాళీ నేల మీద కూడా పది నిమిషాలు చూడాలి. రెండు చోట్లా ఒకే రకం పిట్టలు ఒకే సంఖ్యలో ఉంటే దీపానికి సంబంధం లేదు. ఎడారి పండుగల నుంచి వచ్చే జాబితాల్లో ఆ రెండో లెక్క ఎక్కడా కనిపించదు. అది లేనంతవరకు ‘గుడారాల దగ్గర ఇన్ని జాతులు’ అన్న మాటకూ, ‘దీపాలే దించాయి’ అన్న నా మాటకూ గట్టి ఆధారం ఉన్నట్టు కాదు.

మెరిసేదంతా నీరు కాదు

దీపం తర్వాత నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ మెరుపు. నీటి మీద నుంచి పరావర్తనం చెందిన వెలుగు ఒక దిశలో ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో ఊగుతాయి. తూనీగలు, నీటిలో పెరిగే మేఫ్లై అనే చిన్న పురుగులు నీటిని గుర్తుపట్టేది ఆ ఆనవాలుతోనే. నల్లటి, ఎర్రటి కారు బానెట్, నల్ల ప్లాస్టిక్ పట్టా, సోలార్ పలకలు అదే రకం వెలుగును నీటి కంటే బలంగా విసురుతాయి. తూనీగ బానెట్ మీద మాటిమాటికీ తోక ఆనిస్తోందంటే గుడ్లు పెడుతోందన్నమాట. కాలుతున్న రేకు మీద ఆ గుడ్లు మాడిపోతాయి. తెల్ల కార్ల మీద, దుమ్ము పట్టిన కార్ల మీద ఇది చాలా తక్కువ. కాబట్టి ఎడారిలో కారు తుడవకుండా వదిలేయడం మేలు. నల్ల పట్టా పరవాల్సి వస్తే దానిమీద ఇంత ఇసుక చల్లండి. సోలార్ పలకల మధ్య తెల్ల గీతలు అంటిస్తే వాలే పురుగులు తగ్గుతాయని ప్రయోగాల్లో తేలింది.

పిట్టలకూ ఈ మోసం తప్పదు. 2011 డిసెంబరులో అమెరికాలోని యూటా రాష్ట్రం సీడార్ సిటీలో మంచు కప్పిన పార్కింగ్ స్థలాలను నీళ్ళనుకుని గ్రీబ్ అనే నీటిలో మునిగే పక్షులు వేల సంఖ్యలో దిగి నేలకు కొట్టుకున్నాయి. చాలా చచ్చిపోయాయి. గ్రీబ్‌కు కాళ్ళు శరీరం చివర ఉంటాయి. నీటి మీద పరుగెత్తి లేస్తుందే గానీ గట్టి నేల మీద నుంచి లేవలేదు. ఎడారి గుడారాల దగ్గర అలాంటి పక్షి కదలకుండా కూర్చుని కనిపిస్తే దెబ్బ తగలకపోయినా అది చిక్కుబడినట్టే. ‘ఎంత మచ్చికగా ఉందో’ అని సెల్ఫీ తీసుకునే సమయం కాదది. నీళ్ళున్న చోటికి చేర్చాలి.

నీళ్ళ సంగతి కొంత క్లుప్తంగా. గుడారాల దగ్గర బకెట్లలో, తొట్లలో నీళ్ళు తెరిచి ఉంచితే పురుగులు మునిగి చస్తాయి, తేనెటీగలు తీపి గ్లాసుల మీదికి వస్తాయి. తొట్లకు మూత పెట్టండి. వెడల్పు పళ్ళెంలో రాళ్ళు పేర్చి, రాళ్ళు తడిసేంత మాత్రమే నీళ్ళు పోసి, మనుషులకు నలభై యాభై అడుగుల దూరంలో, ఎండకు కాలని చోట పెట్టండి. మొదటి రోజే పెట్టాలి. తేనెటీగలు ఒకసారి గ్లాసులకు అలవాటు పడ్డాక పళ్ళెం వైపు తిరగవు.

ఎంగిలి మాట వేరు. సమ్ దిబ్బల దగ్గర గుడారాలకు కొద్ది దూరంలోనే ఎడారి జాతీయ వనం ఉంది. 150 కూడా మిగలని బట్టమేక పిట్టకు అదే ఆఖరి ఆశ్రయాల్లో ఒకటి. భోజనాల దగ్గర పారేసిన అన్నానికి కాకులూ కుక్కలూ చేరతాయి. కుక్కలు అక్కడితో ఆగవు. నేల మీద ఒకే గుడ్డు పెట్టే పిట్టకు అవి ఎంత ముప్పో వేరే చెప్పాలా? సంచారులు కాకిని చూసి ఫోటో తీయరు, కుక్కను జాబితాలో రాయరు. నా దృష్టిలో ఎడారి గుడారాల దగ్గర తప్పక రాయాల్సిన మొదటి రెండు ప్రాణులు అవే. ఒంటె పేడకు చేరే పేడపురుగులను మాత్రం రాస్తారు, బాగుంటాయి కాబట్టి. దక్షిణాఫ్రికా పేడపురుగులు పాలపుంత వెలుగు ఆధారంగా తిన్నగా నడుస్తాయని 2013లో తేలింది. ఊరి వెలుగులో ఆ ఆధారం పోయి, అవి దీపాల వైపే మళ్ళుతున్నాయని 2021లో తేలింది.

గుర్తుపట్టడంలో, రాయడంలో

2020 మే చివర్లో ఉత్తరాదిని ఎడారి మిడతలు వణికిస్తున్న రోజుల్లో, అనంతపురం జిల్లా రాయదుర్గంలో ఒక జిల్లేడు చెట్టును మిడతలు కమ్ముకున్నాయి. ఊరంతా హడలిపోయింది. అధికారులు చూసి, అవి ఎక్కువగా జిల్లేడును తినే రంగుల మిడతలని, పంటకు ముప్పు లేదని తేల్చారు. దాన్ని తేల్చింది అవి కూర్చున్న మొక్క. పురుగు ఫోటోతో పాటు అది ఉన్న చోటు ఫోటో కూడా తీయాలని నేను పట్టుబట్టేది అందుకే.

పురుగుకు మూడు ఫోటోలు కావాలి: వీపు పై నుంచి, పక్క నుంచి, పక్కన పెన్ను మూతో రూపాయి బిళ్ళో పెట్టి కొలత కోసం ఒకటి. తూనీగకైతే ఛాతీ పక్కభాగం, తోక చివర స్పష్టంగా పడాలి, లేకపోతే జాతి తేలదు. నాలుగోది ఆ దీపానిది. రాత ఇలా ఉండాలి: గంట, చంద్రుడు ఉన్నాడా, గాలి ఎటు, ముందు రెండు రోజుల్లో వాన, దీపం తెలుపా పసుపా, నేల నుంచి ఎన్ని అడుగులు, కిందికి కొడుతోందా పైకా, ప్రాణి తిరుగుతోందా వాలి ఉందా చచ్చి ఉందా. ఒకే దీపాన్ని రాత్రి ఎనిమిదికి, పదికి, తెల్లవారుజామున నాలుగున్నరకు పదేసి నిమిషాలు చూస్తే చాలు. పిట్టలకు ఆ నాలుగున్నర లెక్కే ముఖ్యం, అందరూ వదిలేసేదీ అదే. నైట్‌జార్ అనే రాత్రిపిట్ట, గుడ్లగూబ దీపాల దగ్గర పురుగుల కోసం వస్తే ఫ్లాష్ కొట్టకండి.

చిన్న జాగ్రత్త. ఎరుపు నలుపు పట్టీలతో చీమలా, సెంటీమీటరు కంటే చిన్నగా ఉండే రోవ్ బీటిల్ దీపాలకు వస్తుంది. మెడ మీద వాలితే కొట్టకండి, ఊదేయండి. నలిగితే దాని రసం తగిలిన చోట మరుసటి రోజుకు బొబ్బలెక్కుతుంది. తగిలిందనిపిస్తే వెంటనే సబ్బుతో కడగాలి.

దీపం లేకుండా పండుగా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. చీకట్లో గుడారాల తాళ్ళకు తట్టుకుని కాళ్ళు విరగ్గొట్టుకుంటారు. ఆడవాళ్ళకు మరుగుదొడ్ల దారిలో వెలుగు ఉండి తీరాలి. పండుగ అంటేనే వెలుగు అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. అడిగేది తక్కువ. డబ్బా మీద 6500 కెల్విన్ అని రాసి ఉండే తెల్ల బల్బుకు బదులు 2700 కెల్విన్ పసుపు బల్బు వేయండి. నీలం, అతినీలలోహిత వెలుగుకే పురుగులు ఎక్కువగా చిక్కుతాయి. దారి దీపాన్ని మోకాలి ఎత్తులో, పైన టోపీ పెట్టి, నేల మాత్రమే కనపడేలా వేయండి. మరుగుదొడ్డి దగ్గర మనిషి వస్తేనే వెలిగే సెన్సర్ బల్బు చాలు. ఆకాశంలోకి కొట్టే దీపాలకు మాత్రం రాత్రి పదిన్నర తర్వాత పని లేదు, వలస రోజుల్లో అసలే లేదు.

వంటపందిరికి దూరంగా ఒక పెద్ద తెల్లదీపం వేసి పురుగులను అటు మళ్ళించడం మన పెళ్ళిళ్ళలో చేసేదే. అన్నంలో పురుగులు పడకుండా పనిచేస్తుంది, కాదనను. కానీ మొత్తం మీద చచ్చే పురుగులు పెరుగుతాయి, వాటి కోసం వచ్చే పిట్టలూ పెరుగుతాయి. వంట జరిగే రెండు గంటలు మాత్రమే వాడి ఆర్పేస్తే దానితో నాకు రాజీయే.

అలసిన పిట్ట దొరికితే ఏం చేయాలన్నది చాలామంది అడుగుతారు, చాలామంది తప్పుగానూ చేస్తారు. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం పెట్టకండి. అట్టపెట్టెకు చిన్న చిన్న రంధ్రాలు చేసి, అడుగున నూలు గుడ్డ పరిచి, పిట్టను అందులో ఉంచి మూసి, చీకటిగా చల్లగా ఉన్నచోట గంటా రెండు గంటలు వదిలేయండి. మధ్యమధ్య మూత తీసి చూడొద్దు. రెక్క వేలాడుతున్నా, కాలు మోపలేకపోతున్నా అటవీ శాఖవాళ్ళకు అప్పగించాలి. తిరుపతిలో అయితే ఎస్.వి. జూకు చెప్పొచ్చు. ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. బాగానే ఉంటే, పొన్నంకి పిట్టలాంటి రాత్రి ప్రయాణీకులను పొద్దు వాలాక, దీపాలకు దూరంగా, పొదలున్న చోట వదలండి. గాల్లోకి విసరకూడదు. పెట్టె నేల మీద పెట్టి, పక్కకు ఒరిగించి, మూత తీసి పది అడుగులు వెనక్కి జరగండి. పావుగంటలో బయటికి రాకపోతే మళ్ళీ మూసి, ఆ రాత్రికి అలాగే ఉంచి, పొద్దున్నే అటవీ సిబ్బందికి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు అది దొరికిన చోటూ, అక్కడున్న దీపమూ రాసిన చీటీ పెట్టెకు అంటించి ఇవ్వండి.